నూట పన్నెండు చోట్ల కూర్చున్న మనిషి

సోమవారం ఉదయం ఏడుంబావుకు వాచీల మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. టీ తాగాలి. వీధి మూలకు నడిచి అక్కడి గొయ్యికి ఇంకో ఫొటో తీసి మున్సిపాలిటీకి పంపాలి. ఎనిమిదిన్నరకల్లా వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు మొదలుపెట్టాలి. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసి కొట్టు మూసేసిన మనిషి ఆయన. కొట్టు మూశాడు గానీ నిమిషాలు లెక్కపెట్టడం మానలేదు. "మా ఆయన తుమ్మినా టైము చూసుకునే తుమ్ముతారు" అని ఆయన భార్య తన చెల్లెలితో చెప్పి నవ్వేది.

నవ్వేది అనడం ఎందుకంటే ఆ నవ్వులు ఆగి రెండు నెలల పదకొండు రోజులైంది. చెల్లెలి ఇల్లు మూల తిరిగితే రెండొందల అడుగుల దూరం. ముప్ఫై ఏళ్ళుగా రోజూ మధ్యాహ్నం మూడున్నరకు అక్కగారు అక్కడికి వెళ్ళడం, టీ తాగడం, మాస్టార్ని తీరిగ్గా ఉతికి ఆరేసి ఐదింటికి ఇంటికి రావడం జరుగుతూ వచ్చింది. ఈ మధ్య మున్సిపాలిటీ వాళ్ళు డ్రైనేజీ వేస్తామని మూల మీద రోడ్డును ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తవ్వారు. పైపులు రాలేదని వెళ్ళిపోయారు. వెనక సందు నిండా పైపులు రెండేళ్ళుగా దారికి అడ్డంగా పడే ఉన్నాయి, కానీ అవి వేరే పథకానివట. ఆ గొయ్యిలోనే ఆవిడ పడింది, కాలు విరిగింది.

ఇప్పుడు కట్టు విప్పారు, చేతికర్రతో ఇంట్లో నడుస్తోంది. గొయ్యి దాటాలంటే మాత్రం గోడ పట్టుకుని జానెడు గట్టు మీద నడవాలి. మాస్టారు ఎలాగో నడుస్తాడు. చేతికర్ర నడవదు. ఆటోవాళ్ళు ఆ వీధి పేరు చెబితేనే అటు తిరిగి కూర్చుంటున్నారు. చెల్లెలికేమో పోయిన వారమే కంటి ఆపరేషన్ అయింది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నర్సు ఇంటికొచ్చి కట్టు విప్పుతుంది. "విప్పగానే ముందు మా అక్క మొహమే చూడాలి. నువ్వొచ్చేదాకా కళ్ళు తెరవను" అని ఆవిడ ఫోన్లో భీష్మించుకుంది. అక్కగారు ఫోను పెట్టేసి గోడవైపు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకోవడం మాస్టారు చూశాడు. చూసి తట్టుకోలేకపోయాడు. ఆయన చేతిలో ఎన్నో గడియారాలు ఆగిపోయాయి, దేనికీ ఇంత బాధ కలగలేదు.

టీ సగంలో ఉండగా ఫోను మోగింది. మున్సిపాలిటీ నుంచి సందేశం. 'గొయ్యి వల్ల నా భార్య వీధి మూల దాటి తన చెల్లెలి ఇంటికి వెళ్ళలేకపోతోంది' అంటూ ఆయన నాలుగోసారి పెట్టిన ఫిర్యాదుకు జవాబు. 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. ఫొటో చూడగలరు.'

మాస్టారు ఫొటో చూశాడు. అద్దంలాంటి నల్లటి రోడ్డు. రోడ్డు పక్కన తెల్లగోడ, గోడ ముందు కుర్చీ. కుర్చీలో పేపరు పట్టుకుని, కెమెరా వంక కాస్త అనుమానంగా చూస్తూ ఒక పెద్దమనిషి. ఆ పెద్దమనిషి తనే.

"ఏదీ, ఇలా ఇవ్వండి" అని భార్య ఫోను లాక్కుంది. రెండు నెలలుగా ఆవిడ మూల మొహం చూడలేదు. చాలాసేపు ఫొటో చూసి, ఆ తర్వాత మొగుణ్ణి చూసింది. "అంటే మూల బాగైపోయిందన్నమాట."

"బాగవడమేమిటే? అది మన వాకిలి."

"తెల్లగోడ ఎవరింటికైనా ఉంటుంది. కుర్చీ తీసుకెళ్ళి అక్కడ కూర్చుని మరీ ఫొటో దిగారు! నాకు మాట మాత్రం చెప్పలేదు! నేను చెల్లి దగ్గరికెళ్తే మీ మీద చాడీలు చెబుతాననే కదూ?"

"చాడీలు ఫోన్లో చెబుతూనే ఉన్నావు కదే!"

"ఫోన్లో చెబితే ఏం సంతృప్తి? శుక్రవారం మీరాపినా ఆగను, వెళ్ళి తీరతాను" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది. మూడు నెలల క్రితం ఒక ఉదయం వార్డు ఇంజనీరు వచ్చాడు. బూట్లకు దుమ్ము అంటకుండా నగరమంతా చూసుకోగల సమర్థుడు. ఒకప్పటి కౌన్సిలరు మాస్టారి పక్కింట్లో అద్దెకుండేవాడు కాబట్టి ఆ రెండిళ్ళ ముందు ఇరవయ్యేడు అడుగుల మేర మాత్రం రోడ్డు నిజంగా బాగుంటుంది. "బాబాయ్‌గారూ, ఇలా చూడండి" అని ఇంజనీరు ఫొటో తీశాడు. "ఇక్కడ రోడ్డెలా ఉందో రాసి సంతకం పెట్టండి" అన్నాడు. వేరేవాళ్ళయితే గీకి పారేసేవాళ్ళు. మాస్టారు అలాంటి మనిషి కాదు. తన కొట్లో కూడా పరీక్షించనిదే ఏ గడియారానికీ చీటీ రాయలేదు. కాబట్టి కంటికి తగిలించుకునే భూతద్దం తెచ్చుకుని, వంగుని, ఇరవయ్యేడు అడుగులూ చూసి, 'స్వయంగా పరీక్షించాను. ఏ లోపమూ లేదు' అని రాసి సంతకం పెట్టాడు.

ఆయన ఇంకా తేరుకోకముందే మూల మీది టైలరమ్మ వచ్చింది. భుజాన టేపు, చేతిలో ఫోను. "అన్నయ్యగారూ, నా షాపు ముందు వీధిదీపం ఎప్పుడు వెలిగిందండీ?"

"వెలగలేదమ్మా."

"మరి వెలిగిందని మీరే కదండీ సంతకం పెట్టారు!" ఫోను ఆయన ముక్కు దగ్గర పెట్టింది. పట్టపగలు. అదే రోడ్డు, అదే కుర్చీ, అదే పేపరు. కింద 'దీపం వెలుగుచున్నది. సాక్షి స్వయంగా పరీక్షించారు' అని ఉంది.

తొమ్మిదింటికి ఇంకో ఇద్దరు వచ్చారు. పదింటికి వాకిలి నిండింది. ఫుట్‌పాత్ రాళ్ళు లేచిపోయాయని చెప్పుకున్నవాడికి, నల్లా పైపు పగిలిందని రాసినవాడికి, బస్‌స్టాపుకి కప్పు లేదన్నవాడికి, అందరికీ జవాబుగా మాస్టారే వెళ్ళాడు. అన్నిట్లోనూ హాయిగా పేపరు పట్టుకుని కూర్చున్నాడు. "మా ఇంటి ముందు మురుగు పక్కన కూర్చుని పేపరెలా చదివారండీ? మీకు ముక్కు లేదా?" అని ఒకాయన నిలదీశాడు. "రిటైరయ్యారంటే పాపం అనుకున్నాం. మున్సిపాలిటీలో చేరారన్నమాట" అని ఇంకొకాయన ముక్కున వేలేసుకున్నాడు. టైలరమ్మ వీధివీధికీ ఫోన్లు కొట్టి సాయంత్రానికి లెక్క తేల్చింది. నగరంలో మాస్టారు మొత్తం నూట పన్నెండు చోట్ల కూర్చున్నాడు.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట అన్నం సహించలేదు. భార్య ఆ సంగతి చూసింది గానీ, మూల గుట్టు బయటపడ్డందుకే బెంగ పెట్టుకున్నారులే అనుకుంది.

మంగళవారం పదింటికి మాస్టారు మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్ళాడు. కడిగిపారేయాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన్ని చూసి లేచి నిలబడ్డాడు. లోపల గుమాస్తా చూసి పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. "ఆయనేరా! సార్ వచ్చారు!" కుర్చీ వేశారు. మంచినీళ్ళిచ్చారు. మూడు నెలలుగా ప్రతి ఫైల్లోనూ ఆయన మొహం చూసీ చూసీ, పైనుంచి పంపిన రహస్య తనిఖీ అధికారి అని వాళ్ళలో వాళ్ళు ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఆరేళ్ళుగా ఇంటి పన్ను రసీదు కోసం తిరిగిన మనిషికి అక్కడ కూర్చోమన్న వాళ్ళు లేరు. ఇవాళ ఫ్యాను కూడా ఆయనవైపు తిప్పారు.

డిప్యూటీ కమిషనరు కొత్తగా వచ్చిన మేడమ్. నిజాయితీపరురాలు. ఎంత నిజాయితీపరురాలంటే నియమాల పుస్తకం బయట ఉన్న ప్రపంచాన్ని నమ్మేది కాదు. మాస్టార్ని చూసి చేతులు జోడించింది. "నూట పన్నెండు చోట్లకు స్వయంగా వెళ్ళారా! ఈ వయసులో! నేనే పదకొండు చోట్లకు మించి వెళ్ళలేదండీ. మీకు సన్మానం చేద్దామని ఫైలు పెట్టాను."

"అమ్మా, నేనెక్కడికీ వెళ్ళలేదు. మా వాకిట్లోనే కూర్చున్నాను" అని మాస్టారు మొత్తం చెప్పాడు. ఆవిడ మొహంలో రంగులు మారాయి. వార్డు ఇంజనీర్ని పిలిపించింది. అతను వచ్చి తన బూట్ల వంక చూసుకున్నాడు.

"పని పూర్తయిన ఫొటోలో స్థానికుడొకరు సాక్షిగా ఉండాలని నియమం ఉంది మేడమ్" అన్నాడు చివరికి. "ఏ ప్రాంతపు స్థానికుడో నియమంలో లేదు."

మేడమ్ పుస్తకం తీసి చూసింది. నిజంగానే లేదు. ఇంకో పేజీ తిప్పి తల ఎత్తింది. "మాస్టారూ, దారి ఉంది. మూసేసిన ఫిర్యాదు మళ్ళీ తెరవాలంటే ఆ సాక్షే స్థలానికి వెళ్ళాలి. అదే విధంగా కూర్చుని ఫొటో దిగాలి. పని కాలేదని సొంత చేత్తో రాసివ్వాలి. సాక్షిని మార్చడానికి మాత్రం వీల్లేదు. అంటే ఈ నగరంలో ఆ నూట పన్నెండు ఫిర్యాదులూ తెరవగలిగిన మనిషి మీరొక్కరే."

"అదే విధంగా అంటే... అదే కుర్చీలోనా?"

"నియమంలో 'అదే విధంగా' అని ఉందండీ" అంది మేడమ్ గంభీరంగా.

బుధవారం పొద్దున్నే మాస్టారు కుర్చీ ఎత్తుకుని బయల్దేరాడు. మొన్న నిలదీసినవాళ్ళే ఇవాళ కుర్చీ మోయడానికి పోటీపడ్డారు. ఆ గోతుల్లో మూడు టైర్లు పోగొట్టుకున్న ఆటోవాడు ఒకడు ఊరికే తిప్పుతానని ముందుకొచ్చాడు. టైలరమ్మ షాపు మూసి ఫొటోలు తీయడానికి కూడా వచ్చింది. మొదటిది సొంత వీధి మూలే. మాస్టారు గొయ్యి అంచున కుర్చీ వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని, పావుగంట పరీక్షించి తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: 'ఇది రోడ్డు కాదు. అతుకులతో పని జరగదు. మొత్తం తవ్వి అడుగు నుంచి మళ్ళీ వేయవలెను.'

రాస్తుంటే ఆయనకు కడుపులో మంట చల్లారింది. ఇక ఆగలేదు. నల్లా పైపు దగ్గర 'ఇందులో నీరు తప్ప అన్నీ వచ్చుచున్నవి' అని రాశాడు. బస్‌స్టాపు దగ్గర 'కప్పు లేదు. స్తంభాలూ లేవు. ఇది బస్‌స్టాపు అనుటకు ఎదురుచూస్తున్న జనమే ఆధారం' అని రాశాడు. మురుగు కాలవ దగ్గర ఆయన కూర్చోగానే కుర్చీ వెనకకాళ్ళు మెల్లగా దిగబడ్డాయి. మనిషి ఆకాశం వంక చూస్తూ వెనక్కి ఒరిగిపోతుంటే ముగ్గురు పట్టుకున్నారు. "కదలకండి అన్నయ్యగారూ, ఫొటో బ్రహ్మాండంగా వస్తోంది" అంది టైలరమ్మ.

మధ్యాహ్నానికి సంగతి నగరమంతా పాకింది. ఎక్కడ చూసినా "మా వీధికెప్పుడొస్తారు? మాకొక అరగంట కూర్చోండి" అనేవాళ్ళే. రెండు సందులవాళ్ళు కుర్చీ ముందు మాదంటే మాదని చెరో చెయ్యీ పట్టుకు లాగారు. మాస్టారు అందులో కూర్చునే ఉన్నాడు. చీకటి పడేవేళకు పదిహేడు చోట్లు అయ్యాయి. విలేకరి ఒకడు కాలవలో ఒరిగిన ఫొటో పట్టుకుపోయాడు.

అప్పుడే వార్డు ఇంజనీరు రొప్పుతూ వచ్చాడు. బూట్లకు మొదటిసారి దుమ్ము అంటింది. ఆయన్ని పక్కకు తీసుకెళ్ళాడు. "బాబాయ్‌గారూ, మీకు దణ్ణం పెడతాను. రేపు సాయంత్రానికి మీ వీధి మూల నున్నగా చేయించి ఇస్తాను. నేనే దగ్గరుండి వేయిస్తాను. ఆ కుర్చీ మాత్రం ఇక ఇంట్లో పెట్టండి."

మాస్టారు కుర్చీ వంక చూశాడు. ఇంకా తొంభై అయిదు వీధులున్నాయి. రేపు పొద్దున్నే వస్తానని ఆయన మాటిచ్చిన వాళ్ళున్నారు. శుక్రవారం నాలుగింటికి కళ్ళు తెరవకుండా ఎదురుచూసే మనిషి కూడా ఒకావిడ ఉంది. గోడవైపు తిరిగిన భార్య వీపు గుర్తొచ్చింది. "ముందు మూల బాగుచెయ్యి" అన్నాడు ఆయన, చాలా మెల్లగా. "రేపు కుర్చీ కదపను."

టైలరమ్మ కొద్ది దూరంలోనే ఉంది. "కుర్చీకి కాళ్ళ నొప్పులొచ్చినట్టున్నాయి" అంది ఎటో చూస్తూ. మాస్టారికి నిజంగానే సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఇంటికెళ్ళాడు.

గురువారం తెల్లారకముందే మూల మీద పదిమంది కూలీలు, రెండు లారీలు, ఒక రోలరు. రావలసిన నాలుగు పైపులు వెనక సందులోని గుట్టలోంచే వచ్చాయి. వేరే పథకం సంగతి ఎవరూ ఎత్తలేదు. సాయంత్రానికి రోడ్డు అద్దంలా తయారైంది. మాస్టారు నలభై ఒక్క నిమిషాలు భూతద్దంతో వెతికి వేలు పెట్టి చూపడానికి ఏమీ దొరక్క ఒప్పుకున్నాడు. ఇంజనీరు టాబ్లెట్ అందించాడు. "ఏ లోపమూ లేదని సంతకం పెట్టండి బాబాయ్‌గారూ."

సంతకం పెట్టాడు. టాబ్లెట్ మీద ఎర్రగా ఒక వాక్యం వెలిగింది. 'మాట మార్చిన సాక్షి సంతకం చెల్లదు. ఫిర్యాదు తెరిచియే ఉన్నది.' మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వెలిగింది.

"పోనిద్దురూ" అన్నాడు ఇంజనీరు. "రోడ్డుంది కదా. కాగితం ఏమైతే మనకేం?" ఆ మాట మున్సిపాలిటీలో పనిచేసేవాడు అనవలసింది కాదు.

శుక్రవారం మూడుంబావుకు భార్య ఇస్త్రీ చీర కట్టుకుని చేతికర్ర పట్టుకుని గడప దిగింది. మూల దగ్గరికి రాగానే ఆగింది. నల్లగా మెరుస్తున్న రోడ్డును కర్రతో రెండుసార్లు కొట్టి చూసింది. "ఇంకా వేడిగానే ఉన్నట్టుందండీ. నిన్ననే వేశారా?"

"నిన్ననే వేశారు."

"అయితే సోమవారం మిమ్మల్ని ఊరికే అన్నాను" అంది ఆవిడ. మాస్టారికి అదొక సన్మానం. టైలరమ్మ షాపులోంచి బయటికొచ్చి చెయ్యి అందించింది. "రండి వదినా, మెల్లగా." మూడు నిమిషాల్లో ఆవిడ మూల దాటింది. మూడు నలభైకి చెల్లెలి ఇంటి మెట్టు మీద ఉంది. అంతలో నాలిక్కరుచుకుంది. "ఏమండీ, చెల్లికని కొన్న నల్ల కళ్ళద్దాలు బల్ల మీదే మర్చిపోయాను! నర్సు వచ్చేస్తుంది, గబగబా తీసుకురండి."

మాస్టారు వెళ్ళాడు, అద్దాలు తీసుకున్నాడు, తాళం వేశాడు. మొత్తం ఏడు నిమిషాలు. తిరిగొచ్చేసరికి మూల మీద తాళ్ళు కట్టి ఉన్నాయి. మట్టి తవ్వే మిషన్ పళ్ళు బిగించి కొత్త రోడ్డులో దిగబడుతోంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా.

"ఆపండి! ఆపండయ్యా! నిన్ననే వేశారు!" అని మాస్టారు పరుగెత్తాడు.

హెల్మెట్ పెట్టుకున్న సూపర్‌వైజరు కాగితం చూసుకున్నాడు. "మేము స్పెషల్ స్క్వాడండీ. డిప్యూటీ కమిషనర్ మేడమ్ పంపారు. ఎవరో సాక్షి రాసింది చదివి మేడమ్‌కు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయట. తెరిచున్న ఫిర్యాదుల్లో ఇదే మొదటిది. వారంలో మొత్తం తవ్వి అడుగు నుంచి మళ్ళీ వేయమన్నారు."

"ఆ సాక్షిని నేనే! చెబుతున్నాను కదా, బాగుంది!"

"మీరేనా?" సూపర్‌వైజరు గౌరవంగా హెల్మెట్ తీశాడు. కాగితం ఆయనకు చూపించాడు. "ఈ అక్షరాలు మీవేనా?"

"నావే."

"మరి ఇందులో రాసింది అబద్ధమా?"

నలభై ఏళ్ళలో ఒక్క తప్పుడు చీటీ రాయని మనిషి ఆ కాగితం మరోసారి చదువుకున్నాడు. "రాసినప్పుడు... నిజమే" అన్నాడు.

"అంతేనండీ. మాక్కావలసింది అదే" అని అతను మిషన్‌కు చెయ్యి ఊపాడు. తొంభై అయిదు వీధుల్లో ఒక్క పలుగు కూడా కదలలేదు. ఆ తొంభై అయిదు కాగితాలు మాస్టారు రాయలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, టైలరమ్మకూ తెలుసు. ఇద్దరూ గొయ్యి వంక చూస్తూ నిలబడ్డారు.

నాలుగూ ఎనిమిదికి ఫోను మోగింది. అవతల ఇద్దరు ఆడవాళ్ళు ఒకేసారి ఏడుస్తూ నవ్వుతున్నారు. "ఏమండీ, కట్టు విప్పగానే నన్నే చూసింది! 'చిక్కిపోయావేమిటే అక్కా' అంది! అద్దాలు తెస్తున్నారా?"

మాస్టారు చేతిలోని నల్ల కళ్ళద్దాలు జేబులో పెట్టుకున్నాడు. గొయ్యి వెడల్పు కళ్ళతోనే కొలిచాడు. ఈసారి జానెడు గట్టు కూడా మిగల్చలేదు. "చూసిందిగా, చాలు" అన్నాడు. "నువ్వు రెండు రోజులు అక్కడే ఉండు."

"రెండు రోజులా? నాలుగుంటాను!" అంది ఆవిడ ఆనందంగా.

నాలుగు రోజులూ అయ్యాయి, ఇంకో పది అయ్యాయి. తీసిన పైపులు వెనక సందులో అడ్డంగా పడేసి, మళ్ళీ పైపులు రాలేదని స్క్వాడ్ వెళ్ళిపోయింది. మాస్టారు తనే వండుకుని, తనే తిని, తన వంటను తనే క్షమించి, చివరికి ఒక ఫిర్యాదు రాశాడు. 'నా భార్య మూలకు అవతల ఉండిపోయినది. నేను ఇవతల ఉన్నాను. దయచేసి చర్య తీసుకొనగలరు.' జవాబు మాత్రం గంటలోనే వచ్చింది.

'విచారించడమైనది. ఫిర్యాదుదారుని భార్య వీధి మూల దాటి చెల్లెలి ఇంటికి చేరినట్లు నిర్ధారణ అయినది. తిరిగి వచ్చుట గురించి మొదటి ఫిర్యాదులో లేదు.'